గాజు బీరువాలో నూకరాజు

మా కొలతల శాఖలో ఒకరినొకరు తెలుగులో తిట్టుకోవడం పోయిన ఏప్రిల్ ఒకటో తేదీ నుంచి నిషేధం. అంతకుముందు ఎంతో హాయిగా తిట్టుకునేవాళ్లం. ఫైలు తప్పు బీరువాలో పెట్టినవాడు మొద్దు. ఎక్కడ పెట్టాడో మర్చిపోయినవాడు మట్టిబుర్ర. సరిగ్గానే పెట్టానని దబాయించేవాడు తిక్కసన్నాసి. సాయంత్రం ఐదింటికి ఎవరి తిట్లు వాళ్లు బల్లల మీద వదిలేసి, అందరం ఒకే బస్సెక్కి ఇళ్లకు పోయేవాళ్లం. ఇరవై ఏడేళ్ల సర్వీసులో నేను తిన్నవీ పెట్టినవీ కలిపి రాస్తే ఓ నిఘంటువు అవుతుంది. నా పేరు రాజ్యలక్ష్మి. కామేశ్వరపురం డివిజన్ ఆఫీసులో సీనియర్ అసిస్టెంటుని. నాకు నోరు కొంచెం ఎక్కువని ఆఫీసులో అంటారు. ఇంట్లోవాళ్లు 'కొంచెం' అనరు.

గొడవ ఎక్కడ మొదలైందంటే, ఇంకో డివిజన్‌లో ఒక ఆఫీసరు తన గుమాస్తాని "తింగరోడా" అన్నాడు. గుమాస్తా కోర్టుకెక్కాడు. తింగరితనం అంటే ఏమిటి, అది ఎంత మోతాదులో ఉంటే మనిషి తింగరోడవుతాడు, ఆ మోతాదును ఎవరు ఏ సాధనంతో కొలిచారు, దానికి ముద్ర ఉందా అని కోర్టువారు అడిగారు. ఊళ్లో ఉన్న ప్రతి తక్కెడకీ, ప్రతి లీటరు డబ్బాకీ ముద్ర వేసే శాఖ దగ్గర దీనికి జవాబు లేకపోయింది. మా కమిషనర్ గారికి తల కొట్టేసినట్టయింది.

నెల తిరక్కుండా సర్క్యులర్ దిగింది.

"ఇందుమూలముగా సమస్త సిబ్బందికి తెలియజేయునదేమనగా, ఉద్యోగుల తెలివితక్కువతనమును, పనిలో మోటుతనమును మరియు అమర్యాదను వర్ణించుటకు ఇకపై స్థానిక భాషా పదములు వాడరాదు. సదరు పదములు బాధ కలిగించును మరియు కొలతకు లొంగవు. అనుబంధములో జతపరచిన ఇరవై నాలుగు ఆంగ్ల పదములను మాత్రమే వాడవలెను. వాటిని తెలుగులోనికి అనువదించరాదు. అనువదించినచో తిట్టుగా పరిగణింపబడును."

ఆ ఆఖరు వాక్యం నాకు బాగా నచ్చింది. ఇంగ్లీషులో ఉన్నంతసేపూ అది అభిప్రాయం, తెలుగులోకి దిగిందంటే తిట్టు అన్నమాట. ఇక అనుబంధంలోని మాటలు చూద్దునా, క్లమ్సీ, గాకీ, ఓఫిష్, లౌటిష్, బూరిష్, చర్లిష్, అన్‌కౌత్, ఇనేన్, ఫ్యాచువస్, ఇలా వరసగా ఉన్నాయి. కొన్ని మందుల పేర్లలా, కొన్ని బిస్కెట్ల పేర్లలా ఉన్నాయి.

మొదటి వారం అందరం సరదాపడ్డాం. మా క్యాషియర్‌ని 'ఫ్యాచువస్' అని రికార్డు చేస్తే, వాళ్లావిడ వీధిలో మైసూర్‌పాక్ పంచిపెట్టింది. డ్రైవర్ 'అన్‌కౌత్' అనే మాట జీపు వెనక రాయించుకున్నాడు. జాబితాలో పొడుగాటి మాటలన్నీ గెజిటెడ్ ఆఫీసర్లకే ఇస్తున్నారనీ, కింది ఉద్యోగులకు 'గాకీ', 'ఓఫిష్' లాంటి పొట్టి మాటలు పడేస్తున్నారనీ యూనియన్ వాళ్లు మధ్యాహ్నం భోజనాల వేళ ధర్నా చేశారు. సీనియారిటీ ప్రకారం పంచాలని తీర్మానించి అందరూ లేచి టీకి వెళ్లారు.

అక్కడితో ఆగిపోయేదే. కానీ మా ఆఫీసరు భీమశంకరం గారు నిజాయితీపరుడు. పక్కన పెట్టి పోల్చి చూడ్డానికి ఒక నమూనా లేనిదేదీ లోకంలో ఉన్నట్టు ఆయన ఒప్పుకోరు. ఓ రోజు పొద్దున్నే నన్ను గదిలోకి పిలిచారు.

"రాజ్యం గారూ, కేజీ అంటే ఏమిటి?"

"వెయ్యి గ్రాములండి."

"కాదు. మన బీరువాలో మఖమల్ గుడ్డలో చుట్టి ఉన్న ఇత్తడి రాయి ఉంది చూశారూ, అదీ కేజీ. ఊళ్లో తక్కిన రాళ్లన్నీ దాని ఎదురుగా నిలబడి కేజీ అనిపించుకోవాలి. ఒప్పుకుంటారా?"

"ఒప్పుకుంటానండి."

"మరి క్లమ్సీ అంటే ఏమిటి?"

"చేతిలో వస్తువు..." అనబోయి ఆగిపోయాను. అనువాదం అవుతుంది. "నాకు తెలీదండి," అన్నాను.

"ఎవరికీ తెలీదు! ఎందుకంటే మన దగ్గర ప్రమాణ నమూనా లేదు. నమూనా లేకుండా ఒక మనిషిని క్లమ్సీ అనడం ముద్ర లేని రాయితో బంగారం తూచడమే. నేనుండగా ఈ డివిజన్‌లో అది జరగదు."

సరిగ్గా అప్పుడే నూకరాజు టీ పట్టుకొచ్చాడు. నూకరాజు మా అటెండరు, ఏభై తొమ్మిదో ఏడు నడుస్తోంది. నేను ఉద్యోగంలో చేరినప్పుడు ఆరడుగుల నిచ్చెన మీద నిలబడి, ఒంటి చేత్తో పాత రికార్డుల కట్టలు అందించేవాడు. రెండేళ్లుగా మాత్రం మనిషికి చెయ్యి కుదురు తప్పింది. ఆ రోజు కూడా గడప తగిలింది. ట్రేలో ఆరు కప్పులుంటే రెండు తిరగబడ్డాయి, ఒకటి నేరుగా భీమశంకరం గారి ఒళ్లో పడింది.

మామూలు రోజుల్లో అయితే ఆయన నూకరాజు వంశాన్ని మూడు తరాల వరకూ తడిమేవారు. ఆ పూట లేచి నిలబడి, ప్యాంటు మీంచి కారుతున్న టీని చూసుకుని, తర్వాత నూకరాజుని పైనుంచి కిందకి చూశారు.

"దొరికింది," అన్నారు.

*

మూడు రోజులు పరీక్ష జరిగింది. హాల్లో ఈ చివర నుంచి ఆ చివరకి ఇరవై కప్పులు ఒక్కొక్కటీ మోసుకెళ్లాలి. మొదటి రోజు ఆరు ఒలికాయి. రెండో రోజు ఆరు. మూడో రోజు ఆరోది ఒలికాక భీమశంకరం గారు ఊపిరి బిగబట్టారు, ఆపైన ఒక్కటీ ఒలకలేదు.

"ఏం స్థిరత్వం!" అన్నారాయన. కళ్లు చెమర్చాయి. "ఇత్తడికి కూడా ఇంత స్థిరత్వం ఉండదు."

ప్రమాణపత్రం రాసే పని నాకు పడింది. మా దగ్గర ఉన్న ఫారం రాళ్లకి వేసిందే. నమూనా సంఖ్య: క్లమ్సీ ఒకటి. విలువ: ఇరవైకి ఆరు. ఆకారం: స్తూపాకారం. 'లోహం' అన్న గడి దగ్గర ఆగి, చాలాసేపు ఆలోచించి, 'మెత్తన' అని రాశాను. గెజిట్‌లో కూడా అలాగే అచ్చయింది. నూకరాజు నుదుటి మీద ముద్ర వెయ్యాలని భీమశంకరం గారు పట్టుబట్టారు గానీ, చెమటకి చెరిగిపోతుందని నేను చెబితే, ఒక కార్డు మీద వేసి మెళ్లో తగిలించారు.

ప్రమాణ నమూనాకి మా శాఖలో కొన్ని మర్యాదలున్నాయి. దుమ్ము తగలకూడదు. గాలి ఆడకూడదు. ఒట్టి చేతుల్తో ముట్టుకోకూడదు. రోజువారీ పనికి వాడకూడదు. కాబట్టి హాల్లో ఓ మూల మనిషి పట్టే గాజు బీరువా కట్టించి, అందులో మఖమల్ దిండు వేసిన స్టూలు పెట్టి, నూకరాజుని కూర్చోబెట్టారు. ఫ్యాను నిషిద్ధం. భోజనం క్యారేజీ ఇచ్చేటప్పుడు కూడా తెల్ల గ్లోవ్స్ వేసుకోవాలి.

"ఏంటండీ మేడం గారూ ఇది, పులిహోర మీద మూతేసినట్టు కూసోబెట్టేశారు!" అన్నాడు నూకరాజు అద్దం పక్కకి జరిపి. "సేసే పని లేదు, సెమట మాత్రం కారిపోతందండి."

"పెద్ద హోదా నూకరాజూ. రాష్ట్రం మొత్తానికి నువ్వొక్కడివే."

"ఆయ్, మరేనండి. ఇంతకీ ఈ కార్డు మీద ఇంగ్లీషు ముక్కకి అర్తం ఏంటండీ? మా ఆవిడ రోజూ అడుగుతంది."

"చెప్పకూడదని సర్క్యులర్," అన్నాను. సర్క్యులర్ చాటున దాక్కోవడం నాకు ఇరవై ఏడేళ్లుగా అలవాటే గానీ, ఆ రోజు ఎందుకో సిగ్గేసింది.

ప్రతి నెలా మొదటి సోమవారం పోలిక జరిగేది. క్లమ్సీ అని ఆరోపణ వచ్చిన ఉద్యోగుల్ని రాష్ట్రం నలుమూలల నుంచీ తెచ్చి, నూకరాజు పక్కన నిలబెట్టి టీ మోయించేవారు. ఆరు గానీ ఆపైన గానీ ఒలికితే క్లమ్సీ, లోపు అయితే కాదు. ఓ ఇన్స్‌పెక్టరు అయిదింటితో బయటపడి, బ్యాండు మేళంతో ఊరేగుతూ బస్టాండుకి వెళ్లాడు.

జూన్‌లో నూకరాజు ఒళ్లు దగ్గర పెట్టుకుని, గోడ తడుముకుంటూ నడిచాడు. నాలుగే ఒలికాయి. సాయంత్రానికల్లా మెమో వచ్చింది.

"నీవు నిర్ణీత ప్రమాణ విలువ నుండి రెండు కప్పుల మేర వైదొలగినావు. ఇట్టి మెరుగుదల నీ బాధ్యతారాహిత్యమును సూచించుచున్నది. నీపై క్రమశిక్షణా చర్య ఏల తీసుకొనరాదో మూడు దినములలో తెలుపవలెను."

మెమో అందినట్టు సంతకం పెట్టమని నేనే కాగితం తీసుకెళ్లాను. నూకరాజు పెన్ను అందుకుని, కాగితం దాటి నా బల్ల మీద సంతకం పెట్టాడు.

"కాగితం ఇక్కడుంది నూకరాజూ."

"అదేనండి... మసగ్గా ఉంటాదండి. రెండేళ్ల బట్టీ అంతే. కుడికన్ను అసలు ఆనదండి." జేబులోంచి నాలుగు మడతల చీటీ తీసి ఇచ్చాడు. "మొన్న కంటి కేంపుకెళితే డాట్రు గారు రాసిచ్చారండి."

చదివాను. శుక్లం బాగా ముదిరింది, ఈ నెల దాటనిస్తే కుడికన్ను దక్కదు అని ఉంది. ఎడమ దానికి ఇంకా కొన్నాళ్లు వ్యవధి ఉందట.

నాకు మొట్టమొదట కోపం వచ్చింది, అది నూకరాజు మీద. "రెండేళ్లుగా నోరు మూసుకుని ఎందుకున్నావయ్యా!" అని కసిరాను.

"కళ్లు కనపడవంటే ఇంటికి పంపేత్తారేమోనని బయమేసిందండి," అన్నాడు.

ఆ తర్వాత కోపం నా మీదకే తిరిగింది. ఈ రెండేళ్లలో ఆ మనిషిని నేను ఎన్నిసార్లు మొద్దు అన్నానో లెక్కలేదు. ఒక్కసారైనా ఎందుకు ఒలుకుతోందని అడగలేదు. ఆఫీసులో ఇరవై నాలుగు మాటలు తెలిసినవాళ్లం పన్నెండు మందిమి ఉన్నాం, ఆ ఒక్క ప్రశ్న వేసినవాళ్లు ఎవరూ లేరు.

*

అయిదు రోజుల సెలవు కాగితం నేనే రాసి భీమశంకరం గారి ముందు పెట్టాను.

"ఆపరేషన్ చేస్తే కనిపిస్తుందా?" అని అడిగారు.

"కనిపిస్తుందండి."

"కనిపిస్తే ఒలుకుతుందా?"

"ఒలకదండి."

"చూశారా!" అని కుర్చీలో వెనక్కి వాలారు. "మీరు అడుగుతున్నది సెలవు కాదు రాజ్యం గారూ. కేజీ రాయిని ఆకురాయితో అరగదీయడానికి అనుమతి. రేపు రాష్ట్రంలో క్లమ్సీ అనేది ఎంతో ఎవరికి తెలుస్తుంది?"

"కన్ను పోతుందండి."

"నమూనా విలువ స్థిరపడుతుంది," అన్నారు. వెంటనే ఆయనకే బాధ కలిగింది. చెడ్డ మనిషేం కాదు. "రిటైరైన మర్నాడే నా కార్లో ఆస్పత్రికి నేనే తీసుకెళతాను. మీరు సాక్షి," అని నా చేతిలో చెయ్యి వెయ్యబోయారు. రిటైర్మెంటుకి ఇంకా పద్నాలుగు నెలలుంది.

చెప్పకుండా వెళ్లిపొమ్మని నూకరాజుకి సలహా ఇద్దామంటే అదీ లేదు. ప్రమాణ నమూనా బీరువాలో కనిపించకపోతే, మా మాన్యువల్ ప్రకారం అది దొంగతనం. పోలీసులకి రాయాలి. తనను తాను దొంగిలించుకున్న నేరం మీద నూకరాజుని పట్టుకొస్తారు.

ఆ రాత్రి ఇంట్లో వంట మావారి మీద పడేసి, మాన్యువల్ మొదటి పేజీ నుంచి చదివాను. నాలుగు వందల పేజీలు. మా శాఖలో అది పూర్తిగా చదివినవాళ్లు లేరు, రాసినవాళ్లతో సహా. పదిహేడో నిబంధన దగ్గర లేచి కూర్చున్నాను.

"ప్రతి ప్రమాణ నమూనాను ఏడాదికొక పర్యాయము నగరములోని ప్రాంతీయ ప్రమాణశాలకు పంపి తనిఖీ చేయించవలెను. అచ్చట సదరు నమూనా గది ఉష్ణోగ్రతకు అలవాటు పడువరకు నాలుగు దినములు ఎవరును తాకరాదు."

మర్నాడు ఫైలు పెట్టాను. భీమశంకరం గారు చదివి, కళ్లజోడు తీసి, "నేను మర్చిపోయిన నిబంధన!" అన్నారు. ఫైలు మీద పడిన సంతకం ఆ మధ్యాహ్నానికే ఆరింది.

నమూనా ప్రయాణంలో నలగకూడదు. అందుకని జీపు వెనక సీట్లో పరుపు వేసి, నూకరాజు చుట్టూ దూది బస్తాలు సర్ది, చొక్కా మీద 'ఇది పైవైపు' అని బాణం గుర్తుతో చీటీ అంటించారు. తోడుగా నన్ను పంపారు. దారిలో టోల్‌గేటు దగ్గర కుర్రాళ్లు నవ్వారు. నూకరాజుకి వాళ్లు కనిపించలేదు కాబట్టి అతనూ నవ్వాడు.

*

ప్రమాణశాల అధికారి హయగ్రీవం గారు సన్నగా, తెల్లగా, చల్లగా ఉంటారు. ముప్ఫై ఏళ్లు ఏసీ గదుల్లో గడిపిన మనిషి. నూకరాజు చుట్టూ ఓసారి తిరిగి రసీదు రాశారు: 'ఒకటి. సొట్టలు లేవు.'

"మీకేం వింతగా లేదాండీ?" అని ఉండబట్టలేక అడిగాను.

"పోయిన వారం బూరిష్ వచ్చింది ఇంకో డివిజన్ నుంచి. మా వాచ్‌మన్‌ని కొట్టింది. దాంతో పోలిస్తే మీది చాలా శుభ్రమైన నమూనా," అన్నారు.

మంచం వేసిన గది ఒకటి చూపించి, నూకరాజుని లోపల పెట్టి తాళం వేశారు.

"నాలుగు రోజులూ మీరు తాకరు కదండీ?"

"తలుపు కూడా తెరవం."

"మరి లోపల ఉన్నదీ లేనిదీ ఎలా తెలుస్తుందండీ?"

ఆయన నాకేసి జాలిగా చూశారు. "రాయి ఎక్కడికి పోతుందమ్మా?" అన్నారు.

ఆ గదికి వెనక వైపు ఇంకో తలుపుంది, లోపలి గడియ. అరగంటలో నేనూ రాయీ ఆటోలో కంటి ఆస్పత్రికి పోతున్నాం.

మర్నాడు పొద్దున్న కట్టు విప్పారు. నూకరాజు కాసేపు గోడకేసి చూశాడు. గోడ మీద ఉన్న క్యాలెండరు చూశాడు, తేదీలన్నీ ఒక్కొక్కటే పైకి చదివాడు. తర్వాత నాకేసి తిరిగాడు.

"మేడం గారూ, మీ జుట్టు ఇంత తెల్లగా ఎప్పుడైపోయిందండీ?"

"నీ ఫైలు నడిపినప్పట్నుంచీ," అన్నాను.

అయిదో రోజు పరీక్ష. వెనక తలుపు దగ్గరే నూకరాజుకి గట్టిగా చెప్పాను. "చూడు, ఆరు ఒలికించాలి. మూడో కప్పు, ఏడో కప్పు, ఆ తర్వాత నీ ఇష్టం. లేదంటే ఇద్దరి ఉద్యోగాలూ పోతాయి." నల్లకళ్లద్దాల వెనక నుంచి అలాగేనన్నాడు.

మూడో కప్పు ఒలకలేదు. ఏడోదీ ఒలకలేదు. పదో కప్పు దగ్గర నేను గొంతు సవరించాను, దగ్గాను, చీర కొంగు దులిపాను. నూకరాజు తల నిటారుగా పెట్టి, హాలు ఈ చివర నుంచి ఆ చివరకి, పాతికేళ్ల కిందట నిచ్చెన మీద నిలబడ్డంత నిబ్బరంగా నడుస్తున్నాడు. ఇరవయ్యో కప్పు బల్ల మీద పెట్టినప్పుడు సాసరులో చప్పుడు కూడా కాలేదు.

నా పక్కకి వచ్చి, "నా వల్ల కాలేదండీ," అన్నాడు మెల్లగా. "ఒలికిద్దామనే అనుకున్నానండి. దారి కనపడతా ఉంటే సెయ్యి ఒప్పుకోలేదండి."

కేకలేద్దామనుకుని ఆ మొహం చూసి మానేశాను.

హయగ్రీవం గారు మాత్రం రిజిస్టరులో 'సున్నా' అని రాసుకున్నారు.

"అయ్యా, మా దగ్గర విలువ ఆరండీ," అన్నాను భయంభయంగా.

"అది స్థానిక కొలత. మా గది ఉష్ణోగ్రత స్థిరంగా ఉంటుంది. మాదే ఒప్పు."

"అంటే, ఇక ఇతను క్లమ్సీ కాదనాండీ?"

హయగ్రీవం గారు కలం మూసి, చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పారు. "క్లమ్సీ ఎవరో తేల్చే అధికారం నాకు లేదమ్మా. ఈయనే క్లమ్సీ అని మీ గెజిట్‌లో ఉంది. క్లమ్సీ ఎంతో అన్నదొక్కటే నేను తేలుస్తాను. సున్నా."

ప్రమాణపత్రం మీద ముద్ర వేసి ఇచ్చారు.

*

ఆ పత్రం చూసి భీమశంకరం గారి మొహం పాలిపోయింది. నూకరాజు నల్లకళ్లద్దాలు చూశారు, మళ్లీ పత్రం మీది ముద్ర చూసి, కిటికీ వైపు తిరిగారు. నా ఉద్యోగం ఊడిందనే అనుకున్నాను. ఇటు తిరిగేసరికి ఆయన మొహంలో భక్తి ఉంది.

"శాస్త్రం, రాజ్యం గారూ, శాస్త్రం! ఇన్నాళ్లూ మనం తప్పు కొలిచాం. రాయి తప్పదు. తప్పితే చూసేవాడి కన్నే తప్పాలి," అన్నారు.

ఆ సాయంత్రమే ఉత్తర్వు వెలువడింది. "పై ప్రమాణశాల తనిఖీ మేరకు క్లమ్సీ విలువ ఇరవైకి సున్నాగా సవరించబడినది. కావున ఒక్క కప్పు కూడ ఒలికించకుండ మోయు ఉద్యోగి క్లమ్సీగా పరిగణింపబడును. ఒలికించు కప్పుల సంఖ్యను బట్టి సదరు ఉద్యోగి క్లమ్సీకి ఎంత దూరముగా ఉన్నదియు నిర్ధారింపబడును."

మర్నాటి నుంచి మా ఆఫీసు రూపమే మారిపోయింది. క్యాషియర్ అంచు దాకా నింపిన కప్పుతో మెట్లు ఎక్కడం సాధన చేశాడు. హెడ్‌క్లర్కు రిహార్సల్‌లో ఇరవైకి పంతొమ్మిది ఒలికించి, ఆ ఒక్కటీ ఎలా నిలిచిపోయిందా అని భోజనం మానేశాడు. బ్యాండు మేళంతో వెళ్లిన ఇన్స్‌పెక్టరు మళ్లీ వచ్చి, అయిదు చాలవేమో ఇంకో అవకాశం ఇమ్మని కాళ్లావేళ్లా పడ్డాడు. ఆడవాళ్లం పాత చీరలు కట్టుకుని రావడం మొదలుపెట్టాం. నేను ఇన్‌వార్డు రిజిస్టరు మీద కాఫీ వొంపి 'హుందాతనం మెరుగుపడినది' అనిపించుకున్నాను. ఒలక్కుండా నడవగలిగిన మనిషి ఆఫీసులో ఒక్కడే ఉన్నాడు. అతను గాజు బీరువాలో కూర్చుని, నల్లకళ్లద్దాలతో మమ్మల్నందర్నీ మార్చి మార్చి చూస్తున్నాడు.

జులైలో కమిషనర్ గారు తనిఖీకి వచ్చారు, తెల్లటి సఫారీ సూటులో. భీమశంకరం గారు గ్లోవ్స్ వేసుకుని బీరువా తెరిచి, నూకరాజుని బయటికి తెచ్చారు. నూకరాజు ఇరవై కప్పుల ట్రే రెండు చేతుల్తో పట్టుకుని, కమిషనర్ గారి ముందు ఓ చక్కరు కొట్టి, ట్రే బల్ల మీద ఆనించాడు. ఒక్క చుక్క తొణకలేదు.

కమిషనర్ గారు మొహం పక్కకి తిప్పుకున్నారు. "రామరామ! ఎంత క్లమ్సీ!" అన్నారు.

"చిత్తం. రాష్ట్రంలో ఇంతకు మించింది లేదు," అన్నారు భీమశంకరం గారు గర్వంగా. అని, తన వంతు కప్పు అందుకుని, రెండడుగులు వేసి, టీ మొత్తం కమిషనర్ గారి తెల్ల సఫారీ మీద పోశారు.

కమిషనర్ గారు తడిసిన సూటు చూసుకున్నారు. తర్వాత భీమశంకరం గారి భుజం తట్టి, "ఎంత సంస్కారం!" అన్నారు. తాను మాత్రం తీసిపోతానా అన్నట్టు తన కప్పు ఎత్తి భీమశంకరం గారి నెత్తి మీద వొంపారు. ఆ తర్వాత పద్ధతిగా, సీనియారిటీ వరసలో, అందరం ఒలికించాం. ఈసారి యూనియన్ వాళ్లకి ఫిర్యాదు లేకపోయింది.

సందర్శకుల పుస్తకంలో కమిషనర్ గారు ఇలా రాశారు: "ఈ కార్యాలయమున క్లమ్సీ ఒక్కడే కలడు. అతనిని గాజు బీరువాలో భద్రపరచియున్నారు. మిగిలిన సిబ్బంది ఆదర్శప్రాయులు."

తడి ఆరకముందే నేను నూకరాజు ఎడమ కంటికి సెలవు కాగితం పెట్టాను. ఈసారి కారణం సూటిగా రాశాను: చూపు ఇంకా బాగుపడితే నమూనా ఇంకా స్థిరపడును. గంటలో మంజూరైంది.

అయిదింటికి అందరూ టీ మరకలతో బస్సుకి వెళ్లిపోయారు. నేల తుడవాలి. నమూనాని రోజువారీ పనికి వాడకూడదన్న మాట నిజమే గానీ, బకెట్టు ఒలక్కుండా తేగలిగినవాడు ఇంకొకడు లేడు. నూకరాజు హాలు తుడుస్తూ తుడుస్తూ, గోడకి తగిలించిన తన ప్రమాణపత్రం దగ్గర ఆగాడు. నల్లకళ్లద్దాలు పైకెత్తి దగ్గరగా చూశాడు.

"ఇంగ్లీషు అచ్చరాలు ఎంత తేటగా కనపడతన్నాయోనండి. మేడం గారూ, ఈ రోజైనా సెప్పండి. దీనికి అర్తం ఏంటండీ? మా ఆవిడ ఏదో తిట్టయ్యుంటాదని నెల్రోజుల్నుంచీ అన్నం సరిగ్గా తినట్లేదండి."

హాల్లో మేమిద్దరమే ఉన్నాం. గోడ మీద సర్క్యులర్ ఉంది, దాని పక్కనే హయగ్రీవం గారి ముద్ర ఉంది. నేను ముద్ర వంకే చూశాను.

"ఒక్క చుక్క ఒలక్కుండా పట్టుకెళ్లేవాడని అర్థం నూకరాజూ," అన్నాను.

"అంతేనాండీ!" అన్నాడు. తుడుపుకర్ర గోడకి ఆనించి, మెళ్లో కార్డు అక్షరాలు బయటికి కనపడేలా తిప్పుకుని, చొక్కా సర్దుకున్నాడు.

సర్క్యులర్ ప్రకారం నేను ఆ సాయంత్రం ఒక ఉద్యోగిని తెలుగులో తిట్టాను. అతను నాకు దణ్ణం పెట్టి ఇంటికెళ్లాడు.